వేలిముద్ర నుంచి నాడి దాకా

హేమలతా లవణం స్మృతిలో స్మారక ఉపన్యాసం

మనిషి ఒంటి మీద కొలత పెట్టడం స్టూవర్టుపురానికి కొత్త కాదు. ఆ ఊరు పుట్టిందే కొలతతో. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్త తెగల చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. తెగ పేరు గెజిట్‌లో పడితే చాలు, అందులో పుట్టినవాడు దొంగతనం చేశాడా లేదా అని విచారించే పని లేదు. పేరు రిజిస్టరుకెక్కుతుంది. వేలిముద్ర పడుతుంది. ఊరు దాటాలంటే చీటీ కావాలి, చెప్పిన వేళకి హాజరు పలకాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

1913లో బాపట్లకీ చీరాలకీ మధ్య, రైలు దారి పక్కన, ఎరుకలవాళ్ళ కోసం ఒక సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో హోం శాఖ చూసిన సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టి, నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. ఆ సంస్థకి అప్పట్లో ఇండియాలో పెద్ద దిక్కు ఫ్రెడరిక్ బూత్-టక్కర్. ఐసీఎస్ ఉద్యోగం వదులుకుని, కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్న మనిషి. 'క్రిమినోక్యూరాలజీ' అని ఒక పుస్తకమే రాశాడు. నేరం ఒక జబ్బు, దయ, పని, నిఘా మూడూ కలిపి ఇస్తే నయమవుతుంది అన్నది క్లుప్తంగా ఆయన వాదం. ఆ మనిషి చిత్తశుద్ధిని శంకించనక్కర్లేదు. కానీ ఫలితం ఏమిటంటే, ఎరుకల కుటుంబాల దగ్గరికి దయ వచ్చినప్పుడల్లా దాని చేతిలో హాజరు పట్టీ ఉంది. ఈ ఉపన్యాసంలో మిగతాదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

అసలు వాళ్ళు నేరస్తులెలా అయ్యారన్నది చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకంలో వివరంగా రాశారు. కొరవలు, ఎరుకలవాళ్ళు పశువుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్ళకి తిరిగిన వ్యాపారులు. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. తిరిగే వ్యాపారం పోయింది, తిరగడం మాత్రం అనుమానంగా మిగిలింది. సెటిల్‌మెంటుకి వచ్చాక అదే జనం చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి చవక కూలీలయ్యారు. సంస్కరణ, పరిశ్రమ, పోలీసు ఒకే కంచె లోపల ఎలా సర్దుకున్నాయో చూడాలంటే ఇంతకన్నా దగ్గర ఉదాహరణ దొరకదు.

1952లో చట్టం రద్దయింది. పదేళ్ళకి ఆంధ్రప్రదేశ్ అలవాటు నేరస్తుల చట్టం 1962 వచ్చింది. తెగ పోయి వ్యక్తి వచ్చాడన్నారు. జాబితాలో పేర్లు మాత్రం పాత ఊళ్ళ నుంచే ఎక్కువగా వస్తాయన్నది నేరస్త తెగల చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతుల తరఫున మాట్లాడేవాళ్ళు దశాబ్దాలుగా చెబుతున్న మాట. సినిమావాళ్ళకి ఊరి పేరే చాలు. 1991లోనే 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్', 'స్టూవర్టుపురం దొంగలు' అని రెండు సినిమాలు వచ్చాయి, 2023లో 'టైగర్ నాగేశ్వరరావు'. ఆ ఊళ్ళో చదువుకున్న కుర్రాడు ఇంటర్వ్యూలో ఊరి పేరు చెప్పేటప్పుడు గొంతులో ఏం జరుగుతుందో ఆ సినిమాల్లో ఒక్కదానికీ పట్టలేదు.

హేమలత ఇక్కడికి వచ్చింది 1970ల నడిమిలో, భర్త లవణంతో కలిసి. అప్పుడు జలగం వెంగళరావు ముఖ్యమంత్రి. ఆమె దళిత కవి గుర్రం జాషువా కూతురు. పుట్టుకతో ముద్ర పడ్డ మనిషి బతుకెలా ఉంటుందో ఆమెకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది పుట్టాడని తండ్రి ఆ పేరు పెట్టారు. భూదాన యాత్రలో వినోబాకి తెలుగులో అనువాదకుడిగా నడిచిన మనిషి. 1960లో వినోబా ముందు, 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందు చంబల్ బందిపోట్లు తుపాకులు దించిన కాలం అది. సర్వోదయం వాళ్ళలో 'నేరస్తుడి దగ్గరికి మనమే వెళ్ళాలి' అన్న నమ్మకం గట్టిగా ఉన్న రోజులు. లవణం దంపతులు ఆ నమ్మకాన్ని కోస్తాకి తెచ్చారు. ఇళ్ళకి వెళ్ళారు, జైళ్ళకి వెళ్ళారు, పోలీసు అధికారులతో కూర్చున్నారు, ప్రభుత్వాన్ని అడిగారు. 'సంస్కార్' అన్న సంస్థ అలా నిలబడింది. తర్వాత నిజామాబాద్ జిల్లాలో జోగినీ ఆచారం మీద పోరాటానికి కూడా హేమలత అదే పద్ధతిలో వెళ్ళారు. 2008లో ఆమె పోయారు, 2015లో లవణం.

రేపల్లె దారిలో భట్టిప్రోలు స్తూపం ఉంది కాబట్టి కరుణ గురించి ఈ ప్రాంతంలో మాట్లాడేవాళ్ళు బుద్ధుడి దగ్గర మొదలుపెడతారు. అది తేలిక దారి. స్టూవర్టుపురంలో కరుణని పనిగా పెట్టుకుని వచ్చిన ఈ ఇద్దరూ నాస్తికోద్యమం మనుషులు. వాళ్ళు బోధించలేదు, ధ్యానం చేయించలేదు. పోలీసు లాఠీకీ మనిషి వీపుకీ మధ్య నిలబడే ప్రయత్నం చేశారు. మనస్తత్వ శాస్త్రంలో ఈ మధ్య తేలుతున్న విషయాలు చూస్తే ఆ పని వరస సరైనదని తోస్తుంది.

ఆ శాస్త్రం సంగతికి వద్దాం. ఇంగ్లండులోని డార్బీలో పాల్ గిల్బర్ట్ అనే క్లినికల్ సైకాలజిస్టు కరుణ కేంద్రంగా ఉండే చికిత్స ఒకటి రూపొందించారు. దాన్ని ఆంగ్ల అక్షరాలతో సీఎఫ్‌టీ అంటారు. ఆయన గమనించింది చిన్న విషయమే. మామూలు చికిత్సలో రోగికి 'నీ తప్పు లేదు' అని తర్కంతో చూపిస్తే, రోగి ఒప్పుకుంటాడు గానీ లోపలి తిట్లు ఆగవు. 'తెలుసు డాక్టరుగారూ, అయినా నేను పనికిరానివాణ్ణి' అంటాడు. సిగ్గూ ఆత్మనిందా బాగా ముదిరిన వాళ్ళలో ఇది ఎక్కువ. గిల్బర్ట్ లెక్క ప్రకారం మనలో మూడు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని దూకడానికో పారిపోవడానికో సిద్ధం చేసేది. ఇంకొకటి కావలసినదాని వెంట పరుగెత్తించేది. మూడోది ఊరట ఇచ్చేది. తల్లి ఒళ్ళో పసివాడికి మొదట దొరికేది అదే. ఆత్మనింద ముదిరిన మనిషిలో మొదటిది ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, మూడోదానికి వాడకం లేక తుప్పు పట్టి ఉంటుంది. చికిత్సలో నెమ్మదైన ఊపిరి, ఒంటి భంగిమ, కరుణ గల మనిషిని ఊహించుకోవడం, తనతో తాను మాట్లాడే గొంతు మార్చుకోవడం లాంటివన్నీ ఆ మూడోదాన్ని తిరిగి వాడకంలోకి తేవడానికే.

సరే, తెచ్చామని ఎలా తెలుస్తుంది?

మొదటి దారి అడగడం. భావోద్వేగ నియంత్రణకి బాగా వాడే ప్రశ్నావళి 2004లో గ్రాట్జ్, రోమర్ తయారుచేసినది, 36 వాక్యాలు. కోపం వచ్చినప్పుడు పని మీద మనసు నిలుస్తుందా, బాధ పడ్డందుకు మళ్ళీ సిగ్గు పడతారా, తనకేమవుతోందో తనకి తెలుస్తుందా లాంటివి అందులో అడుగుతారు. జేమ్స్ గ్రాస్, ఆలివర్ జాన్ 2003లో ఇచ్చిన పది వాక్యాల ప్రశ్నావళి ఇంకోటి. జరిగినదాన్ని వేరే కోణంలో చూసి శాంతించే అలవాటునీ, పైకి కనబడకుండా అణుచుకునే అలవాటునీ అది విడివిడిగా లెక్కిస్తుంది. ఆత్మనిందకి గిల్బర్ట్ బృందానిదే 22 వాక్యాల కొలత ఉంది.

రెండో దారి ఒంటినే అడగడం. ఇక్కడ అందరికన్నా ముందు వచ్చేది గుండె. ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా ఒకే ఎడంతో కొట్టుకోదు. గాలి లోపలికి తీసినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నెమ్మది. ఈ తేడాని వేగస్ నాడి నడిపిస్తుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడంలో మార్పు ఎంత అన్నది మిల్లీ సెకన్లలో లెక్కకడతారు. హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. కూర్చుని ఊరకే ఉన్నప్పుడు ఆ తేడా బాగుందంటే ఒళ్ళు పరిస్థితికి తగ్గట్టు బిగుసుకోగలదు, సడలగలదు అని అర్థం. ఎప్పుడూ కాపలా కాసే ఒంట్లో ఆ తేడా సన్నబడుతుంది. తర్వాతిది కార్టిసాల్, ఉమ్మిలో దొరుకుతుంది. ఒత్తిడి తగిలిన 20, 30 నిమిషాలకి అది పైకి లేస్తుంది; అందుకే నమూనా తీసే వేళ తప్పితే కొలత అంతా దండగ. మూడోది అరచేతి చెమట. కంటికి కనబడనంత తడికే చర్మంలో విద్యుత్తు పారే తీరు మారిపోతుంది.

ఒత్తిడి కావాలంటే లాబొరేటరీలో పుట్టిస్తారు. జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో 1993లో కిర్ష్‌బామ్, పిర్కె, హెల్‌హామర్ తయారుచేసిన పద్ధతి ఇప్పటికీ అదే. ముఖంలో ఏ భావమూ లేని కొందరు పెద్దమనుషుల ముందు నిలబడి, ఉద్యోగానికి నీకేం అర్హత ఉందో చెప్పాలి, తర్వాత నోటిలెక్కలు చెయ్యాలి. తప్పితే మొదటికి రావాలి. స్టూవర్టుపురం వాళ్ళకి ఈ పరీక్ష వివరిస్తే, దీనికి లాబొరేటరీ ఎందుకు అని అడుగుతారు.

ఈ రెండు దారులూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూస్తేనే అసలు రుచి. జర్మనీలోనే లైప్‌జిగ్‌లో తానియా సింగర్ నడిపించిన పెద్ద ప్రయోగం ఒకటి ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి తొమ్మిది నెలల పాటు, మూడు నెలలకి ఒకటి చొప్పున మూడు రకాల మానసిక శిక్షణ ఇచ్చారు. ఒకటి కేవలం ధ్యాస నిలపడం. ఒకటి కరుణ, కృతజ్ఞత. ఒకటి ఎదుటివాడి దృష్టిలోంచి చూడడం. తర్వాత ట్రియర్ పరీక్ష పెట్టారు. 2017లో వెరోనికా ఎంగెర్ట్ బృందం ప్రకటించిన ఫలితం ఇది: మాకు ఒత్తిడి తగ్గిందని మూడు శిక్షణలవాళ్ళూ చెప్పారు. కార్టిసాల్ మాత్రం మనుషులతో ముడిపడిన రెండు శిక్షణలలోనే తగ్గింది, 51 శాతం దాకా. ఒంటరిగా కూర్చుని ధ్యాస నిలిపినవాళ్ళు నోటితో శాంతించారు, ఉమ్మితో శాంతించలేదు.

నోరు అబద్ధం చెప్పిందని దీనికి అర్థం కాదు. వాళ్ళకి నిజంగానే హాయి తెలిసి ఉండొచ్చు. ఒకే మనిషిలో మనసు చెప్పేదీ ఒళ్ళు చేసేదీ వేరు వేరు వేగాలతో మారతాయి, అంతే. కాబట్టి ఒక్క ప్రశ్నావళి పెట్టి 'చికిత్స ఫలించింది' అని రాసేసే పరిశోధనని చూస్తే అనుమానం రావాలి. ఒక్క యంత్రాన్నే నమ్మినదాన్ని చూసినా రావాలి. గుండె లయలో తేడాని టీ, సిగరెట్టు, వయసు, కూర్చున్న తీరు, బీపీకి వేసుకునే అటెనలాల్ మాత్ర, ఇవన్నీ అటూ ఇటూ లాగుతాయి. ఊపిరి మరీనూ. 2001లో ఇటలీ పరిశోధకుడు లూచానో బెర్నార్డి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపించినది తమాషాగా ఉంటుంది. లాటిన్‌లో మేరీమాత జపమాల చదివినా, యోగ మంత్రం పఠించినా, ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకి దిగింది, గుండె లయ ఊగిసలాట పెరిగింది. అంటే ఆదివారం చర్చిలో నెమ్మదిగా పాట పాడి వచ్చిన మనిషికి యంత్రం పెడితే, అందులో కరుణ వాటా ఎంతో ఊపిరి వాటా ఎంతో విడదీయాల్సి వస్తుంది. క్రైస్తవ పాట వందేళ్ళుగా వినబడుతున్న ఊళ్ళో ఇది చిన్న జాగ్రత్త కాదు.

ఇంతకన్నా మనకి పనికొచ్చే ప్రయోగం ఇంకొకటి ఉంది. చిన్నదే. 2008లో హెలెన్ రాక్లిఫ్, గిల్బర్ట్ తదితరులు కొందరిని పిలిచి, మీ మీద కరుణ చూపించే మనిషిని ఊహించుకోండి అన్నారు. కొందరికి ఊహించినట్టే జరిగింది: గుండె లయలో తేడా పెరిగింది, కార్టిసాల్ దిగింది. ఇంకొందరికి ఎదురు తిరిగింది. ఎవరో తమ మీద దయ చూపుతున్నారన్న ఊహకే వాళ్ళ గుండె బిగుసుకుంది. వాళ్ళు తమని తాము ఎక్కువగా నిందించుకునేవాళ్ళు, దగ్గరితనంలో భద్రత ఎరగనివాళ్ళు. తర్వాత 2011లో గిల్బర్ట్ బృందం దీని మీదే ఒక కొలత తయారుచేసింది: ఇతరుల మీద కరుణ చూపడానికి భయం, ఇతరుల నుంచి అందుకోవడానికి భయం, తన మీద తనకి కరుణకే భయం. దయ దొరికిన చోటే దెబ్బ కూడా దొరికిన పిల్లవాడికి, పెద్దయ్యాక దయ వాసన తగిలితే ముందు లేచేది ప్రమాదం పసిగట్టే ఏర్పాటే అన్నది వాళ్ళ వివరణ.

స్టూవర్టుపురం సంగతి తెలిసినవాళ్ళు ఈ ఫలితం దగ్గర ఆగిపోతారు. ఇక్కడ దయ మూడు తరాల పాటు యూనిఫారంలో వచ్చింది. బడి పెట్టినవాడే హాజరు తీసుకున్నాడు. పని ఇచ్చినవాడే చీటీ ఇచ్చాడు. లాబొరేటరీలో ఒక్కొక్క మనిషిలో కనబడినది ఒక ఊరి మొత్తానికి వర్తిస్తుందా అన్నది ఎవరూ కొలిచిన విషయం కాదు కాబట్టి దీన్ని నిర్ణయంగా కాక ఊహగానే చెప్పాలి. అయినా బలమైన ఊహే. సంక్షేమ శాఖ మనిషి, స్వచ్ఛంద సంస్థ మనిషి, పరిశోధక విద్యార్థి ఎవరు వచ్చినా, 'ఇతనికి మనతో పనేమిటి' అని ముందు లెక్కేసుకునే ఊరు మొండి ఊరు కాదు. అనుభవం ఉన్న ఊరు.

జైళ్ళలో, సంస్కరణ గృహాలలో ఇలాంటి చికిత్స జరిగిందా అంటే జరిగింది. పోర్చుగల్‌లో కొయింబ్రా విశ్వవిద్యాలయానికి చెందిన దియానా రిబైరో ద సిల్వా బృందం నిర్బంధంలో ఉన్న అబ్బాయిలకి ఒక్కొక్కరితో 20 సార్లు కూర్చుని కరుణ ఆధారంగా చికిత్స నడిపింది. మొత్తం 119 మంది. సగం మందికి చికిత్స, మిగతావారికి అక్కడ మామూలుగా జరిగేది. జాలి లేకపోవడం, మోసం, దుడుకు లాంటి లక్షణాలు చికిత్స పొందినవాళ్ళలో తగ్గాయి. ఇంతకాలం 'వీళ్ళు మారరు' అని ఫైలు మూసేసిన రకం పిల్లలు వాళ్ళు. గట్టి తోలు కింద ఉన్నది ఎక్కువగా భయమూ సిగ్గే అని ఆ బృందం నమ్మింది, ఆ నమ్మకం కొంతైనా నిలబడింది.

అయితే స్టూవర్టుపురానికి పోర్చుగల్ నమూనాని ఎత్తుకొచ్చి పెట్టడం తొందరపాటు. అక్కడ పిల్లలు నేరం రుజువై వచ్చినవాళ్ళు. ఇక్కడి జనంలో ఎక్కువమంది చేసిన తప్పల్లా ఆ ఊళ్ళో పుట్టడం. ఊరు మొత్తాన్ని చికిత్సకి పిలిస్తే, బూత్-టక్కర్ మాటకే కొత్త యంత్రం తగిలించినట్టవుతుంది.

యంత్రం గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. అరచేతి చెమట కొలిచే పరికరం పోలీసు గదికి కూడా చేరింది. లై డిటెక్టర్ అని జనం పిలిచేదాంట్లో ఉన్నవి ఇవే: చెమట, గుండె, ఊపిరి. మనిషి ఒప్పుకోకుండా ఆ పరీక్ష చెయ్యకూడదని సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో చెప్పాల్సి వచ్చింది. 2022లో వచ్చిన నేర ప్రక్రియ గుర్తింపు చట్టంలో కొలతల జాబితా పెద్దది: వేలిముద్ర, అరచేతి ముద్ర, కనుపాప, జీవ నమూనాలు, చేతిరాత లాంటి ప్రవర్తన గుర్తులు. జాతీయ నేర రికార్డుల సంస్థ వాటిని 75 ఏళ్ళు దాచిపెట్టవచ్చు. వేలిముద్రల మొదటి బ్యూరో 1897లో కలకత్తాలో తెరుచుకుంది. వర్గీకరణ లెక్క తేల్చినవాళ్ళు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్, పేరు దక్కింది ఎడ్వర్డ్ హెన్రీకి. ఆ లెక్క ఎవరి చేతుల మీద పండిందో ఎరుకలవాళ్ళకి తెలుసు. ఇప్పుడు తెల్లకోటు వేసుకున్న అమ్మాయి వచ్చి 'మీ వేలికి ఈ క్లిప్పు పెట్టనివ్వండి, చికిత్స కోసమే' అంటే, వేలు ముందుకి రాకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ప్రశ్నావళికీ ఇదే తిప్పలు. చదవలేని పెద్దవాళ్ళకి ప్రశ్న పైకి చదివి వినిపించాలి. వినిపించేవాడి చేతిలో కాగితం, పెన్ను. 'మీకు కోపం వస్తే అదుపు తప్పుతారా, ఎప్పుడూ, తరచూ, అప్పుడప్పుడూ' అని అడుగుతాడు. ఎంక్వయిరీలు చూసి చూసి ఉన్న మనిషి దీనికి నిజం చెబుతాడా? మర్యాదగా 'లేదు సార్' అంటాడు. ఆ 'లేదు సార్'లు కూడితే ఊరంతా మహా ప్రశాంతంగా ఉన్నట్టు లెక్క తేలుతుంది. పరిశోధకుడు సంతోషంగా వెళ్ళిపోతాడు. భావం అణచుకోవడం అన్నది గ్రాస్ ప్రశ్నావళిలో మంచి అలవాటుగా లెక్కకి రాదు. పోలీసు ముందు నిలబడ్డవాడికి అది బతుకు తెలివి. ఎవరి ముందు అణచుకున్నాడు, ఎవరి ముందు అణచుకోలేదు అన్నది అడగని కొలత ఇక్కడ అక్కరకి రాదు.

ఇక్కడే లవణం దంపతుల పని వరస గుర్తు చేసుకోవాలి. వాళ్ళు ముందు మనిషి లోపలికి వెళ్ళలేదు, మనిషి చుట్టూ ఉన్న భయం దగ్గరికి వెళ్ళారు. పోలీసుతో మాట్లాడడం వాళ్ళకి సంస్కరణలో భాగం. గిల్బర్ట్ భాషలో చెప్పాలంటే, ప్రమాదాన్ని పసిగట్టే ఏర్పాటుకి విశ్రాంతి ఇవ్వాలంటే ముందు ప్రమాదాన్ని తగ్గించాలి. రాత్రి తలుపు మీద దెబ్బ పడుతూనే ఉంటే, కరుణ గల మనిషిని ఊహించుకో అని చెప్పడం చికిత్స కాదు. ఆ ఒళ్ళు మెలకువగా ఉండడం జబ్బు కూడా కాదు. సరైన పనే చేస్తోంది. దాన్ని తక్కువ వేరియబిలిటీ అని రాసి, లోపం ఆ మనిషి ఖాతాలో వేస్తే కొలత తప్పు మనిషి మీద పడినట్టు.

ఈ తప్పు పాతదే అయినా పాతబడలేదు. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలోని కుల వివక్ష నిబంధనలు కొట్టేసింది. అందులో విముక్త జాతులవాళ్ళని పుట్టుకని బట్టి అలవాటు నేరస్తులుగా చూసే నిబంధనలు కూడా ఉన్నాయి. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. నేరస్త తెగల చట్టం రద్దయిన 72 ఏళ్ళ తర్వాత.

అందుకని స్టూవర్టుపురంలోనో, కప్పరాళ్ళతిప్పలోనో, సీతానగరంలోనో ఎవరైనా విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ చికిత్స కొలవాలనుకుంటే కొన్ని షరతులు ముందే పెట్టుకోవడం మంచిది. చికిత్సకి వచ్చేవాళ్ళు తమంతట తాము నిద్ర పట్టకో, తాగుడు మానాలనో, ఇంట్లో కోపం భరించలేకో వచ్చినవాళ్ళే అయి ఉండాలి. ఊరి పేరు చూసి పిలవకూడదు. వాళ్ళు అడిగితే ప్రశ్నలు ఎరుకల భాషలో కూడా ఉండాలి, అడిగేది ఆ ఊళ్ళో చదువుకున్న పిల్లలే అయితే మరీ మంచిది. గుండె కొలతతో పాటు ఊపిరి కొలవాలి, మాత్రలు రాసుకోవాలి. కరుణంటే భయం ఎంతో ముందే చూడాలి; ఆ భయం ఉన్నవాళ్ళకి మొదటి వారాల్లో కొలత దిగజారితే, చికిత్స విఫలమైందని కాక, చోటు తగిలిందని అనుకునే ఓపిక ఉండాలి. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు గిరిజన సమూహాల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అడుగుతాయి. ఇక్కడ అదొక్కటి సరిపోదు. ఏ కొలతా పోలీసు శాఖకి చేరదని సమ్మతి పత్రంలో ఒక్క వాక్యం, పెద్ద అక్షరాలలో, అధికారి సంతకంతో ఉండాలి.

ఇంకొక షరతు వినడానికి కొంచెం వింతగా ఉంటుంది. నూరేళ్ళుగా కొలత ఒక వైపే పడుతోంది. ఊరి వాళ్ళ వేలిముద్ర తీశారు, వాళ్ళని వేధించిన చేతికి ఏ ముద్రా లేదు. అమెరికాలోని ఆరెగాన్‌లో మైకేల్ క్రిస్టఫర్ బృందం పోలీసులకే ధ్యాస నిలిపే శిక్షణ ఇచ్చి, వాళ్ళ ఉమ్మిలో కార్టిసాల్ కొలిచింది. పోలీసు ఒళ్ళు కూడా ఒళ్ళే, అది కూడా ఎప్పుడూ కాపలా కాస్తూ ఉంటుంది, ఆ బిగువే లాఠీలోకి దిగుతుంది అని ఒప్పుకోవడానికి అక్కడ ఎవరికీ నామోషీ అనిపించలేదు. బాపట్ల జిల్లాలో అదే పని చెయ్యడానికి ఏ చట్టమూ అడ్డం రాదు. ఊళ్ళో ముప్ఫై మంది మణికట్టుకి గుండె లయ చూసే పట్టీ కడితే, అదే రెండు వారాలు ఆ బీటు కానిస్టేబుళ్ళకీ, ఎస్సైకీ, చీరాల బాపట్ల కాలేజీల్లో ఆ ఊరి పిల్లలకి పాఠం చెప్పే మేష్టర్లకీ కట్టాలి. ఏ రాత్రి ఊళ్ళో ఎన్ని ఇళ్ళ తలుపు తట్టారో, ఆ రాత్రి రెండు వైపులా గుండెలు ఎలా కొట్టుకున్నాయో ఒకే కాగితం మీద పడాలి. ఆ కాగితం జర్నల్‌కి వెళ్ళే ముందు స్టూవర్టుపురం గ్రామసభలో పైకి చదవాలి. చదివేటప్పుడు ఎస్సై కూడా కుర్చీ వేసుకుని కూర్చోవాలి, ఊరివాళ్ళు అడిగేవాటికి అక్కడే జవాబు చెప్పాలి.